కప్పబొమ్మల గోడ ముందు

అమ్మానాన్నలు ఆర్నెల్లకని అమెరికా వస్తున్నారు, నయాగరా, న్యూయార్కు సరే, ఇంకేం చూపించమంటారు అని ఎవరడిగినా నేను చెప్పే మాట ఒకటే. వేటసామాన్ల కొట్టుకి తీసుకెళ్ళండి. ఆ మాట వినగానే నా మొహంకేసి వింతగా చూస్తారు. తుపాకీ ముట్టం, గాలం పట్టం, మాకక్కడేం పనండీ అంటారు. పనేమీ లేకపోయినా వెళ్ళండి. కొనకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. లోపలికి వెళ్ళడానికి టిక్కెట్టు లేదు. నిప్పుగూడు పక్కన వాలుకుర్చీలు ఉంటాయి, మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూచోవచ్చు. పిల్లలు చేపల తొట్టి దగ్గరినుంచి ఓ పట్టాన కదలరు. క్రిస్మస్ రోజుల్లో అయితే శాంటా తాతతో ఉచితంగా ఫోటో కూడా తీసిస్తారు.

మేముండేది డాలస్ పక్కన. విమానాశ్రయానికి దగ్గర్లో గ్రేప్‌వైన్ అనే ఊళ్ళో బాస్ ప్రో షాప్స్ ఉంది. ఇంకాస్త పైకి, ఆలెన్‌లో కాబెలాస్. రెండూ ఇప్పుడు ఒకే యాజమాన్యం కిందివి. పెద్ద పెద్ద దుంగలు, రాతిగోడలు, ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు, పైన రెక్కలు చాచిన బాతులు, మూలన వెనకకాళ్ళ మీద లేచిన ఎలుగుబంటి. తొట్టిలో ఆ చుట్టుపక్కల చెరువుల్లో దొరికే చేపలే తిరుగుతుంటాయి: బాస్, క్రాపీ, మీసాల క్యాట్‌ఫిష్. రంగురంగుల సముద్రపు చేపల్ని చూసి అలవాటైన కళ్ళకి ఇవి మొదట సాదాగా కనిపిస్తాయి. కాసేపు నిలబడండి. మీ ఇంటి వెనక చెరువులో ఏముందో అప్పటిదాకా మీకు తెలియదని తెలుస్తుంది.

బాస్ ప్రో పుట్టుక నాకెంత ఇష్టమో చెప్పాలి. మిస్సోరీ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరు. జానీ మోరిస్ అనే కుర్రాడికి బాస్ చేపల పోటీలంటే పిచ్చి. పోటీలకి కావలసిన ఎరలు ఊళ్ళో ఎక్కడా దొరికేవి కావు. ఓ ట్రైలరు అద్దెకి తీసుకుని దేశం తిరిగి, దొరికిన సరుకంతా నింపుకొచ్చి, 1972లో నాన్నగారి మద్యం దుకాణం వెనకభాగంలో ఎనిమిది చదరపు అడుగుల జాగాలో అమ్మకం మొదలెట్టాడు. ఎనిమిది చదరపు అడుగులంటే ఓ మంచం కూడా పట్టదు. రెండేళ్ళకి మొదటి కాటలాగు. 1978లో పడవ, మోటారు, దాన్ని లాక్కెళ్ళే ట్రైలరు మూడూ కలిపి ఒకే ధరకి అమ్మడం మొదలెట్టాడు. తనకి దొరకని వస్తువు ఇంకెవరికో కూడా దొరక్క ఇబ్బంది అవుతుందని గ్రహించినవాడు పెట్టిన కొట్టు అది. ఆ లక్షణం ఇప్పటికీ పూర్తిగా పోలేదని నా నమ్మకం. ఎలుగుబంట్లూ జలపాతాలూ జనాన్ని రప్పించడానికి. అసలు విలువంతా కౌంటరు వెనక నిలబడ్డ మనిషిలో ఉంది.

ఎందుకంటున్నానో చెప్తాను వినండి. మా మామగారిది కొల్లేరు అంచున ఒక పల్లె. వ్యవసాయం, దాంతోపాటు చిన్నప్పటినుంచీ గాలం. ఇక్కడికొచ్చిన కొత్తలో ఆయనకి పొద్దుపోయేది కాదు. ఓ ఆదివారం గ్రేప్‌వైన్ తీసుకెళ్ళాం. జంతువుల బొమ్మలవైపు చూళ్ళేదు, తుపాకులవైపు అసలే చూళ్ళేదు. సరాసరి గాలాల వరసల్లోకి నడిచారు. రబ్బరు వానపాములే ఎన్ని రంగులో: ఊదా, నలుపు, పుచ్చకాయ ఆకుపచ్చ. తళుక్కుమనే రేకుచెంచాలు, చేపపిల్లని అచ్చుగుద్దినట్టున్న ప్లాస్టిక్ ఎరలు. అన్నీ దాటి ఒకచోట ఆగిపోయారు. గోడ నిండా కప్పలు.

లోపల బోలుగా ఉండే మెత్తటి కప్పబొమ్మలవి. కాళ్ళకి బదులు రబ్బరు కుచ్చులు, వీపుకి ఆనుకుని పైకి తిరిగిన రెండు ముళ్ళు. ఆయన ఒకదాన్ని వేళ్ళమధ్య నొక్కారు. వీపు అణిగి ముళ్ళు బయటికొచ్చాయి. చేప నోట కరిచినప్పుడు జరిగేది అదే. అప్పటిదాకా ముల్లు తూటికాడలకీ గుర్రపుడెక్కకీ తగులుకోకుండా ఎర నీటిమీద జారుకుంటూ పోతుంది.

"అమ్మాయ్, ఇది కొర్రమీనుకి," అన్నారు.

కాదు మామయ్యగారూ, ఇక్కడ బాస్‌కి అని నేననేలోపు కౌంటరు దగ్గరి పెద్దాయన పక్కకొచ్చి నిలబడ్డాడు. మామగారికంటే ఓ నాలుగేళ్ళు పెద్దవాడేమో. ఎంతలో కావాలి అని అడగలేదు. ఏ చెరువు, గట్టుమీంచా పడవలోంచా, ఏ చేప, ఇవే అడిగాడు. నేను మధ్యలో దుబాసీని. మామగారు వాళ్ళ పద్ధతి చెప్పారు: బతికున్న చిన్న కప్పని ముల్లుకి గుచ్చి, నాచు మధ్య ఖాళీ చూసి వేసి, నీటిమీద ఎగిరెగిరి పడేట్టు ఆడించాలి. కొర్రమీను కిందనుంచి వచ్చి ఢామ్మని కొడుతుంది. పెద్దాయన రెండు చేతులతో నీళ్ళు పగిలినట్టు చూపించి, అవునవును, ఇక్కడా అంతే అన్నాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ నా అవసరం సగం తప్పిపోయింది.

మామగారు ఇంకోమాట చెప్పమన్నారు. ఎర్రటి పిల్లల గుంపు నీటిమీద తేలుతుంటే దాని అడుగున తల్లో తండ్రో కాపలా ఉంటుంది, రెచ్చగొడితే అది తప్పకుండా కొడుతుంది, కానీ అప్పుడు పట్టకూడదు, పెద్దది పోతే ఆ పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి అని. నేను చెప్పాను. పెద్దాయన టోపీ సర్దుకుని, వసంతంలో మగ బాస్ గూడు కాస్తుంది, అప్పుడు పడితే నేనూ వెంటనే అక్కడే వదిలేస్తాను అన్నాడు. ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరు ముసలాళ్ళు భూగోళానికి చెరోవైపునుంచి వచ్చి ఒకే నియమం దగ్గర కలుసుకున్నారు. ఆ రోజు ఆ కొట్టుమీద నాకు కలిగిన గౌరవం ఇప్పటిదాకా తగ్గలేదు.

కొర్రమీను ఇక్కడ దొరుకుతుందా అని మామగారికి ఆశ. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను, ఆ కుటుంబం మొత్తాన్నీ ప్రాణంతో అమెరికాలోకి తేవడం నిషేధం. 2002లో మేరీల్యాండ్‌లో క్రాఫ్టన్ అనే ఊరి కుంటలో దాని చుట్టపుచేప ఒకటి గాలానికి పడింది. సూపు కోసం బతికున్నవి తెప్పించుకున్న ఒకాయన వాటిని ఆ కుంటలో వదిలేశాడట. అవి అక్కడే పిల్లలు కూడా పెట్టాయి. కుంటలో మందు చల్లి చేపలన్నిటినీ చంపాల్సొచ్చింది. ఆ ఏడే ఈ కుటుంబపు చేపల్ని ప్రాణంతో దేశంలోకి తేవడం చట్టవిరుద్ధం చేశారు. అయినా పొటోమాక్ నదిలో అవి స్థిరపడిపోయాయి. ఆ చుట్టుపక్కల గాలం వేసేవాళ్ళు ఇప్పుడు వాటికోసం వాడేది మామగారు గుర్తుపట్టిన ఆ బోలు కప్పబొమ్మనే. వర్జీనియా, మేరీల్యాండ్‌లలో ఉండే తెలుగువాళ్ళారా, కొర్రమీను పులుసుమీద బెంగ ఉంటే మీకు దారుంది: అక్కడ ఆ చుట్టపుచేపని పట్టి చంపి తినమని అధికారులే చెప్తారు.

పెద్దాయన చివరికి ఇప్పించిందేమిటంటే అన్నిట్లోకీ చవకైన కర్ర, చిన్న ముళ్ళు, బెండు, ఓ డబ్బా వానపాములు. ముందు చిన్న చేపలు పట్టండి, ఆ నీళ్ళు అర్థమయ్యాక మిగతావి కొందురుగాని అన్నాడు. ఎక్కువ అమ్మగలిగిన చోట తక్కువ అమ్మిన మనిషిని నేను మర్చిపోను. మామగారు కప్పబొమ్మ మాత్రం వదల్లేదు, అది వేరే సంగతి.

ఇక మా అమ్మ సంగతి. ఆవిడ వచ్చినప్పుడు ఎలుగుబంటి ముందు నిలబడి చాలాసేపు మాట్లాడలేదు. పాపం ఇన్నిటినీ చంపి ఇక్కడ పెట్టారా అంది. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది 1972లో, అంటే ఈ కొట్టు పుట్టిన ఏడే. ఇప్పుడు మనకి వేట అంటే నేరం. ఆవిడ బాధ సబబైనదే. నేను ఆవిడకి చెప్పిన జవాబు మీకూ చెప్తాను. ఈ కొట్లో అమ్మే తుపాకీమీదా తూటామీదా తయారీదారు దగ్గరే కేంద్రం పన్ను పట్టుకుంటుంది. పొడుగు తుపాకులకీ తూటాలకీ నూటికి 11, పిస్తోళ్ళకి 10. 1937లో రూజ్‌వెల్ట్ సంతకం చేసిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం అది. 1950లో చేపల సామానుకీ అలాంటిదే ఇంకోటి వచ్చింది. ఆ డబ్బు రాష్ట్రాలకి వెళ్తుంది, ముఖ్యంగా వన్యప్రాణులకీ చేపలకీ వాటి ఆవాసాలకీ ఖర్చుపెట్టాలి. లైసెన్సు రుసుములు ఇంకో పనికి మళ్ళించిన రాష్ట్రానికి ఈ వాటా దక్కదు. వాటా లెక్కలో ఆ రాష్ట్రంలో లైసెన్సు తీసుకున్నవాళ్ళెందరో కూడా చూస్తారు. వందేళ్ళకిందట కొన్ని లక్షలకి పడిపోయిన తెల్లతోక జింకలు ఇప్పుడు మూడు కోట్ల దాకా ఉంటాయని అంచనా. అడవి టర్కీకోళ్ళూ అలాగే తిరిగొచ్చాయి. వేటకి కట్టడి, అడవి పెంపకం, ఈ డబ్బు మూడూ కలిసి చేసిన పని అది.

అమ్మ అంతా విని, మంచిదే, కానీ నేను ఆ తలల కింద ఫోటో దిగను అంది. నేనూ దిగను. లెక్క ఒప్పుకుంటాను, మనసు ఒప్పుకోదు. రెండూ నిజమే. తుపాకుల విభాగం గురించి నాకు చెప్పాలని లేదు. అటువైపు నేను ఆగను.

కాబెలాస్ కథ వేరు, నాకు అంతకంటే దగ్గరిది. 1961లో నెబ్రాస్కాలో చాపెల్ అనే చిన్న ఊరినుంచి డిక్ కాబెలా వయోమింగ్ పత్రికలో ప్రకటన ఇచ్చాడు. చేత్తో కట్టిన ఈగ ఎరలు పన్నెండు, ఒక్క డాలరుకి. జవాబొచ్చింది ఒక్కటే. ప్రకటన మార్చాడు: ఎరలు ఐదు ఉచితం, పంపే ఖర్చు కింద పావు డాలరు పంపండి. దేశమంతా వెళ్ళే పత్రికలో వేశాక ఉత్తరాలు మొదలయ్యాయి. భార్య మేరీతో కలిసి వంటింటి బల్లమీద పొట్లాలు కట్టి, ఒక్కో పొట్లంలో ఇంకా ఏమేం అమ్ముతారో రాసిన కాగితం పెట్టేవాడు. పేర్లన్నీ కార్డులమీద రాసి దాచుకున్నారు. తర్వాత సిడ్నీ అనే ఊరికి మారారు. ఏడువేల మంది కూడా లేని ఆ ఊళ్ళో దాదాపు రెండువేల మందికి ఆ కంపెనీయే అన్నం పెట్టింది. 2017లో బాస్ ప్రో కొన్నాక ప్రధాన కార్యాలయం పనులు చాలావరకు పోయాయి. ఆలెన్‌లో కాబెలాస్ బోర్డు కింద నడిచినప్పుడల్లా నాకు ఆ వంటింటి బల్ల, ఆ ఊళ్ళో అమ్మకానికి పెట్టిన ఇళ్ళు గుర్తొస్తాయి. వ్యాపారం అలాగే ఉంటుందంటారు. ఉండొచ్చు. నాకు మాత్రం ఆ ఊరికి ఇంతకంటే రావలసి ఉందనిపిస్తుంది.

బోస్టన్ వైపు వెళ్ళేవాళ్ళు ఇంకాస్త పైకి, మెయిన్ రాష్ట్రంలో ఫ్రీపోర్ట్ దాకా వెళ్ళండి. ఎల్.ఎల్.బీన్ అనే వేటసామాన్ల కంపెనీ అసలు కొట్టు అక్కడుంది, ముందు పేద్ద బూటు నిలబెట్టి. 1912లో బీన్ అనే ఆయన అడుగు రబ్బరు, పైన తోలు పెట్టి వేటబూట్లు కుట్టించాడు. మొదటి వంద జతల్లో తొంభై కుట్లు ఊడి వెనక్కొచ్చాయి. అందరికీ డబ్బు తిరిగిచ్చి, అప్పుచేసి, మళ్ళీ బాగా కుట్టించాడు. వేటకి పోయేవాళ్ళు అర్ధరాత్రి వచ్చి గంట కొడుతున్నారని 1951నుంచి రాత్రీపగలూ తెరిచే ఉంచారు. ఎన్నేళ్ళకైనా వెనక్కి తీసుకుంటామన్న హామీని 2018లో ఏడాదికి కుదించారు. పాత బట్టలు ఎక్కడో కొని తెచ్చి డబ్బడిగేవాళ్ళు ఎక్కువయ్యారట.

మెంఫిస్ మీదుగా కారులో వెళ్తుంటే పిరమిడ్ తప్పకుండా చూడండి. 321 అడుగుల ఎత్తు, గాజూ ఉక్కూ. 1991లో ఆటలకోసం కట్టారు. 2002లో లెనాక్స్ లూయిస్‌తో మైక్ టైసన్, అదే మన 'లైగర్' సినిమాలో కనిపించిన టైసన్, బాక్సింగ్‌లో తలపడి ఓడింది ఇందులోనే. తర్వాత ఖాళీ పడితే 2015లో బాస్ ప్రో తెరిచింది. లోపల చిత్తడినేల, మొసళ్ళు, పై అంతస్తుల్లో హోటలు. లిఫ్టుకి మాత్రం టిక్కెట్టు ఉంది. పైనుంచి మిసిసిపీ కనిపిస్తుంది, గోదావరి చూసి పెరిగినవాళ్ళకి ఆ టిక్కెట్టు గిట్టుతుంది.

టెక్సాస్‌లో ఉండేవాళ్ళకి ఒక సూచన. ఆగస్టు ఆఖరులో వెళ్ళకండి. సెప్టెంబరు 1న మా డాలస్ వైపు గువ్వల వేట మొదలు, లైసెన్సుల కొత్త ఏడాదీ ఆ రోజే. కౌంటర్ల దగ్గర నిలబడే చోటుండదు, తీరిగ్గా మాట్లాడే మనిషి దొరకడు. మామూలు వారం మధ్యలో, పొద్దున వెళ్ళండి. పదిహేడేళ్ళ లోపు పిల్లలకి చేపల లైసెన్సు అక్కర్లేదు. రాష్ట్ర పార్కుల్లో గట్టుమీంచి పట్టేట్టయితే పెద్దవాళ్ళకీ అక్కర్లేదు, పార్కు ప్రవేశ రుసుము కడితే చాలు. కానీ పట్టిన చేపల్లో ఏది ఎంత పొడుగుంటే ఉంచుకోవచ్చు, ఎన్ని ఉంచుకోవచ్చు అన్నది అక్కడా వర్తిస్తుంది. ఆ నియమాలేమిటో కౌంటరు దగ్గర అడిగి తెలుసుకోండి. మీ ఊరి చెరువు పేరు చెప్పి, అక్కడ ఏముంటుందని కూడా అడగండి.