సాయంకాలపు రోదన

మధురవాడలోని మా ఇంట సంధ్యవేళ అయిందంటే చాలు, ఆపా కుమారుడు పిడికిళ్లు బిగించి, కాళ్లు కడుపులోకి ముడుచుకొని గంటల తరబడి ఏడ్చేవాడు. వానికప్పుడు ఆరు వారాలు. నానీమా వామునీళ్లు పట్టమన్నది. పొరుగువారు దిష్టి అన్నారు. మేము తల్లిపాలనే శంకించి పాలడబ్బా కొందామన్నాము. ఆపా మారుపలుకక కన్నీరు తుడుచుకొన్నది.

వైద్యురాలు బిడ్డను తూచి, బరువు సక్రమంగా పెరుగుతున్నదన్నారు. ఆరోగ్యవంతుడైన శిశువు రోజుకు 3 గంటలకు, వారానికి 3 రోజులకు, మొత్తం 3 వారాలకు మించి ఏడిస్తే అది కడుపుశూల అని 1954లో వెస్సెల్ ప్రభృతులు నిర్వచించారట. మూడు నాలుగు నెలలకు అది తానే శమిస్తుందట. మలంలో రక్తజీర, వాంతులు, దద్దుర్లు కనిపిస్తే ఆవుపాల మాంసకృత్తులు పడలేదేమోనని చూడాలి. అప్పుడైనా తల్లి వైద్యసలహాపై రెండు నుండి నాలుగు వారాలు పాలు, పెరుగు మానవలెనే గాని, చనుబాలు మాన్పరాదు. మేము కొనదలచిన డబ్బాలోనిది ఆవుపాలపొడియే!

నాటినుండి వంతులవారీగా బిడ్డను భుజాన వేసుకొని తిరిగాము. నాలుగవ నెలలో ఏడుపు తగ్గినది. బిడ్డకు కాలమే ఔషధమైనది. ఆపాకు మాత్రం మా క్షమాపణ ఇంకను బాకీయే.