తిరుగు ప్రయాణం

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఆమె ముప్పయ్యేళ్లు కాపురం చేసింది. ఏటా పాసు మీద విజయనగరం వెళ్లి రావడమే ఆమె ఎరిగిన ప్రయాణం. భర్త పోయాడు, క్వార్టరు ఖాళీ చేయవలసిన గడువు దగ్గర పడింది. పుట్టింటికి పోతానన్నది తల్లి. అక్కడే ఉద్యోగం చేస్తున్న కూతురు, ఆమెను కారులో రతన్‌పూర్, కేందాల మీదుగా అమరకంటక్ తీసుకువెళ్లింది.

దారి పొడవునా సాలవృక్షాలు. "స్టేషన్లు లేకపోతే ఎంత దూరం వచ్చామో ఎలా తెలుస్తుందే?" అన్నది తల్లి.

అమరకంటక్‌లో పుట్టిన నర్మద 1,312 కిలోమీటర్లు ప్రవహించి పడమటి సముద్రంలో కలుస్తుంది. ఆ కొండమీదనే పుట్టిందని చెప్పే శోణానది గంగలో కలుస్తుంది. ఈ సంగతి చెబుతూ కూతురు గొంతు పెగలక ఆగిపోయింది.

తల్లి ఆమె చేయి పట్టుకుంది. "నదులకు తిరుగు ప్రయాణం లేదు తల్లీ. నాకు రైలు పాసుంది."