రైట్ రైట్

పల్లెవెలుగు బస్సులో కండక్టరు "రైట్ రైట్" అంటే బస్సు కుడివైపు తిరగదు, కదులుతుంది. ఆపాలంటే "హోల్డాన్". చిన్నప్పుడు "రైట్" ఇంగ్లీషు మాటని నాకు తెలియదు. బస్సును లేపే మంత్రమనుకునేవాణ్ణి. ఇప్పటికీ ఆ కేక వింటే ఊరికి వెళుతున్నట్టే ఉంటుంది.

ఆటోలో "రైట్ తీసుకో తమ్ముడూ" అంటే కుడి. ఫోను పెట్టేస్తూ "రైట్, ఉంటా మరి" అంటే సరే. ఒక్క మాటకు ఇన్ని పనులు అప్పజెప్పినా ఎక్కడా తికమకపడం.

నా బెంగ వేరే. అరక కట్టినప్పుడు మా నాన్న కుడి ఎద్దును వలపటిది, ఎడమదాన్ని దాపటిది అనేవాడు. ఎద్దులతోపాటే ఆ మాటలూ పోయాయి. కుడి ఎడమలు కూడా దారి చెప్పేటప్పుడు అరుదుగానే వినిపిస్తున్నాయి.

నాగార్జునసాగర్ దగ్గర మాత్రం గట్టిగా నిలబడ్డాయి. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం వైపు. ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం వైపు. కృష్ణ పారే దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే ఏ చెయ్యి ఎటో, అదే లెక్క. మనిషి ఎటు తిరిగితే అటు మారిపోయే మాటకు నది ఒక స్థిరమైన చోటిచ్చింది. నాకది ఎంతో ఇష్టం.

మొన్న మనవడికి చెప్పులు తొడుగుతూ కుడికాలు ఇవ్వమన్నాను. రెండు కాళ్లూ చూసుకుని, "రైటా తాతయ్యా?" అన్నాడు.

"ఔను నాన్నా, కుడి" అన్నాను.