పెట్టెలో దాచిన శాలువా

మా సంఘములో ఒక నర్సమ్మగారు కలరు. ఇరువదేండ్లకు పైగా ఆసుపత్రి కొలువు. ప్రతి ఆదివారము గుడికి వచ్చును, పాటలు పాడును. కాని ప్రభు భోజనము ఇచ్చు ఆదివారము మాత్రము ప్రసంగము కాగానే లేచి వెళ్లిపోవును. డ్యూటీ కాబోలు అనుకొంటిని. చదువరీ, కానుక ఎవరు వేయలేదో కాపరులమైన మేము త్వరగానే కనిపెట్టుదుము గాని, ఇట్టివి కనిపెట్టుటకు ఏండ్లు పట్టును.

ఒక సాయంకాలము వారి యింటికి వెళ్లి, పిల్లల చదువులు మాటలాడి, చివరకు ఆ సంగతి అడిగితిని. ఆమె లోనికి వెళ్లి ఇనుపపెట్టె తెరచి, ఒక శాలువా తెచ్చి నా యెదుట పెట్టెను. 2021 చివర సంఘమంతయు చప్పట్లు కొట్టి ఆమెకు కప్పిన శాలువాయే. మడత విప్పలేదు.

"ఇది మీరే తీసుకోండి అయ్యగారూ."

2021 మే నెల, కోవిడు రెండవ విడత. ఆక్సిజను సిలిండర్లు లెక్కపెట్టి వాడుకొన్న దినములవి. పెద్ద సిలిండరులో సుమారు 7,000 లీటర్లు పట్టును. జబ్బు ముదిరినవారికి నిమిషమునకు 60 లీటర్లు ఇయ్యవలసివచ్చిన, అది రెండు గంటలైనను రాదు. ఆ రాత్రి ఒక్క పడక ఖాళీ అయినది. వరండాలో కుర్చీమీద ఒక ముసలమ్మ, స్ట్రెచరు మీద ఒక పడుచువాడు. డాక్టరు పడుచువానిని లోనికి తెమ్మనెను. ముసలమ్మ ఈమె చేయి పట్టుకొని, "నా వంతు ఎప్పుడమ్మా?" అని అడిగెను. "తరువాత మీదేనమ్మా, బెడ్డు వస్తోంది" అని ఈమె చెప్పెను. రాదని ఈమెకు తెలియును. తెల్లవారకముందే ఆ తల్లి కన్నుమూసెను.

"నీ తప్పేమీ లేదమ్మా" అంటిని.

"అందరూ అదే అంటారు. నా తప్పు లేకపోతే ఆ అబద్ధం ఎవరాడారయ్యగారూ?"

నేను ప్రార్థన చేసి లేచి వచ్చితిని. జవాబు తోచక చేసిన ప్రార్థన అది.

వియత్నాము యుద్ధమునుండి వచ్చిన సైనికులకు వైద్యము చేసిన జోనతన్ షే అను అమెరికా మనోవైద్యుడు 1994లో ప్రచురించిన గ్రంథములో ఇట్టి గాయమును గూర్చి వ్రాసెను. అది మనస్సాక్షికి తగిలిన గాయము. 2018లో వెండీ డీన్, సైమన్ టాల్బట్ అను ఇద్దరు వైద్యులు, తమ తోటి వైద్యులను బాధించునది వట్టి అలసట కాదు, ఈ గాయమే అని వ్రాసిరి. అలసినవానికి నిద్ర చాలును. సరియని యెరిగినదానిని చేయ వీలులేని చోట నిలువబడినవానికి సెలవులిచ్చినను అది మానదు. పడకలు సమకూర్చవలసినవారు వేరు; ముసలమ్మ ముఖము చూడవలసివచ్చినది ఈమె.

ఆ రాత్రి నాకు ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయము జ్ఞాపకమునకు వచ్చెను. సెమినరీలో మేము దానిని తొందరగా దాటిపోతిమి. పొలములో ఒకడు చంపబడి పడియుండి, చంపినవాడు తెలియనప్పుడు, చుట్టునున్న ఊళ్లకు దూరము కొలువవలెను. అన్నిటికంటె దగ్గరి ఊరి పెద్దలు ఏటిలోయకు వచ్చి, చేతులు కడుగుకొని, జనులందరి కొరకు క్షమాపణ వేడవలెను. శవమును మొదట చూచినవానిని అక్కడికి పిలువలేదు, పెద్దలను పిలిచిరి. ఆ ఆసుపత్రినుండి దూరము కొలిచిన, మా గుడి రెండు ఫర్లాంగులైనను లేదు. మేము కొలువలేదు. శాలువా కప్పితిమి, దానితోనే ఆమె నోరును కప్పితిమి.

సంఘ పెద్దలు నలుగురితో మరల వెళ్లితిని. ఎవరును సలహా చెప్పరాదని ముందే మాట తీసికొంటిని. (ఒకరికి ఇది మిక్కిలి కష్టమాయెను.) ఆమె మొదటినుండి అంతయు చెప్పెను. రిటైరైన మాష్టారొకరు, "ఆ తల్లి పేరేమిటమ్మా?" అని అడిగిరి. ఇన్నేండ్లలో ఎవరును అడుగని ప్రశ్న. పేరు చెప్పి ఆమె చాలసేపు ఏడ్చెను. అబద్ధము తనదని ఆమె ఒప్పుకొనెను, మేము కాదనలేదు. తరువాత మేము మోకరించి మావి ఒప్పుకొంటిమి.

ఆమె యింకను ప్రభు భోజనమునకు రాలేదు. శాలువా నా బల్లమీద ఉన్నది. మొన్న గుడి మెట్లమీద నన్ను ఆపి, "ఆవిడ కొడుకు ఊరు నాకు తెలుసు అయ్యగారూ. చెప్పి రావాలి. మీరు నాతో వస్తారా?" అని అడిగెను.

సోమవారము ఆమెకు సెలవు. మొదటి బస్సు అయిదున్నరకు.