దృశ్యములో చెత్త

పాలకొల్లులో డచ్చివారు వర్తకము చేసిన సంగతి చరిత్ర చదివిన విద్యార్థులకు తెలిసినదే. 17వ శతాబ్దమున వచ్చి ఇచ్చటి నేతబట్టలను ఓడల కెత్తించిన ఆ జాతివారు 1824 నాటి సంధితో ఈ గడ్డను ఆంగ్లేయులకు విడిచిపెట్టిరి. ఆ శతాబ్దముననే తమ దేశములో వారు చేసిన మరొక పని మనవారి దృష్టికి అంతగా రాలేదు. దేవతలు, రాజులు లేకున్నను నేల, నీరు, ఆకాశము ఒక చిత్రమునకు చాలునని చూపినవారిలో వారు ముఖ్యులు. ఇంగ్లీషువారి 'లాండ్‌స్కేప్' అను మాట కూడ డచ్చి భాషనుండి వచ్చినదే.

హెండ్రిక్ ఆవెర్‌కాంప్ (1585-1634) అను చిత్రకారుడు మూగవాడు. ఆయన 1608 ప్రాంతమున గీసిన శీతకాల దృశ్యమొకటి ఆమ్‌స్టర్‌డాం మ్యూజియములో ఉన్నది. మేము చూచినది దాని అచ్చుప్రతిని మాత్రమే. గడ్డకట్టిన నీటిపై ఊరంతయు ఆడుచున్నది. ఎడమ మూలన ఒక జంతుకళేబరమును కుక్క పీకుచున్నది. ఆ ప్రక్కనే పనికిరాని పాత తలుపు నొకదానిని కర్రపుల్లపై నిలిపి పిట్టలకు బోనుగా పెట్టినారు. ఆ మూల లేకున్న అది వట్టి పండుగ పటము. ఉన్నందున, ఆకలియు ఆ ఊరిదే యని తెలియుచున్నది.

మన విద్యార్థుల పటములలో ఇట్టి తలుపు కానరాదు. కొబ్బరిచెట్లు, వరిచేలు, దూరాన క్షీరారామ గోపురము, రెండు కొంగలు. (కొంగలు రెండే యేల యుండవలెనో మాకు నేటికిని బోధపడలేదు.) ఈ యేడు ఒక విద్యార్థిని మాత్రము నరసాపురం కాలువ గట్టున కొబ్బరి డొక్కల గుట్టను, నీటిలో మూడు కాళ్ళ ప్లాస్టిక్ కుర్చీని, ఒడ్డున ఒక కుట్టుమిషను చెక్కబల్లను చిత్రించినది. చూచిన పెద్దలొకరు, "పని బాగుంది మాస్టారూ, ఆ చెత్త తుడిపించండి, ప్రదర్శనకు పెడదాం" అనిరి.

మా అభిప్రాయము వేరు. దామెర్ల రామారావు (1897-1925) గోదావరి సీమను చిత్రించిన కాలమున కాలువలలో ప్లాస్టిక్ లేదు. లేనిదానిని ఆయన వేయలేదు. ఉన్నదానిని మనము తుడిచివేయుట ఆయన మార్గము కాజాలదు. ఉర్దూలో దృశ్యమును 'మంజర్' అందురు. చూపు అను అర్థముగల 'నజర్' ఏ ధాతువునుండి పుట్టినదో, ఇదియు దానినుండియే. చూపు తప్పించుకొన్న చోట మంజర్ ఎక్కడిది?

ఆ చెక్కబల్లను గూర్చి ఆ అమ్మాయిని అడిగితిమి. వారి వీధిలో ఒక దర్జీ రెడీమేడ్ దుస్తుల పోటీకి నిలువలేక దుకాణము మూసివేసినాడట. ఇనుప కాళ్ళు పాత ఇనుమువానికి పోయినవి. బల్ల నెవ్వరును కొనలేదు. దాని అంచున అంగుళమున కొకటిగా ఆయన చెక్కుకొన్న కొలతగీతలు ఇంకను ఉన్నవట. ఆ గీతలను కూడ ఆమె వేసినది. దూరమునుండి చూచువారికి అవి కానరావు. తుడిపించవలెనను ముందు ప్రదర్శన సంఘమువారు ఒక్కమారు పటము దగ్గరగా నిలిచి చూడవలెనని మా మనవి.