టవర్లో వినే పని



 కార్తీకమాసం కదండీ, తెల్లారకముందే పంచారామ యాత్ర బస్సులు మా ద్రాక్షారామం భీమేశ్వరుడి గుడి దగ్గర ఆగుతున్నాయి. ఇంట్లోనూ చుట్టాల రాకపోకలు. అందుకే ఈ నెల ఉత్తరం ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి.

నేను నౌకాదళంలో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌గా పనిచేశానని ఎప్పుడో ఒక ముక్క రాసి వదిలేశాను. అప్పట్నుంచీ ఆ సంగతి చెప్పమని ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. సైనిక విమానాశ్రయంలో ఆడపిల్లవి ఏం చేసేదానివమ్మా అని పెద్దాయన ఒకరు అడిగారు. విశాఖపట్నంలో మా విమానాన్ని దిగనివ్వకుండా గాల్లో చుట్లు తిప్పారెందుకని ఇంకొకరు నిలదీశారు. రెండోదాంతో మొదలుపెడతాను. దానికి జవాబు చెబితే మొదటిదానికి సగం చెప్పినట్టే.

విశాఖలో మీరు టిక్కెట్టు చూపించి లోపలికి వెళ్లే టెర్మినల్ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. అద్దాల అవతల ఉన్న రన్‌వే, దాన్ని కనిపెట్టుకుని ఉండే టవర్ నౌకాదళానివి. ఆ స్థావరం పేరు ఐఎన్ఎస్ డేగ, 1991 అక్టోబర్ 21న నౌకాదళంలో చేరింది. గోవాలో డబోలిం, మహారాష్ట్రలో పూణే కూడా ఇలా సైనికుల చేతిలో ఉండి, పౌర విమానాలకు చోటిచ్చినవే. మీ విమానం కంపెనీది, పైలట్ కంపెనీ మనిషి. దిగొచ్చని చెప్పే గొంతు మాత్రం యూనిఫాంలో ఉన్న నౌకాదళ అధికారిది. ఎన్నో ఏళ్లుగా విశాఖ వెళ్లొస్తున్న వాళ్లలో కూడా ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

ఇప్పుడు ఆ రన్‌వే మీదికి ఎవరెవరు వస్తారో చూడండి. హైదరాబాద్ నుంచి నూట ఎనభై మందితో వచ్చే జెట్ విమానం. తీరం వెంబడి గస్తీ తిరిగి వచ్చే డోర్నియర్. సముద్రంలో చిక్కుకున్న జాలర్ల కోసం లేవడానికి సిద్ధంగా ఉండే హెలికాప్టర్. శిక్షణలో ఉండి, చక్రాలు నేలకు తాకించి మళ్లీ లేస్తూ పదే పదే చుట్టుకొచ్చే కుర్ర పైలట్. ఒక్కొక్కరిదీ ఒక్కో వేగం. పెద్ద విమానం వెళ్లిన దారిలో గాలి సుడులు తిరుగుతూ మిగిలిపోతుంది, కంటికి కనపడదు. డోర్నియర్ లాంటి తేలికపాటి విమానం దాని వెనకే వస్తే ఆ సుడిలో పడి తిరగబడే ప్రమాదం ఉంది. అందుకని రెండు మూడు నిమిషాల ఎడం పెట్టాలి. ఆ ఎడంలో ఇంకొకరు ఆగాలి. ఒక్కోసారి ఆగేది మీరే. నౌకాదళం శిక్షణ జరిగే వేళల్లో పౌర విమానాలకిచ్చే సమయాలు తగ్గిస్తారు కూడా. ప్రయాణికులకు విసుగే, కాదనను. కానీ ఆ పిల్లాడూ ఎగరడం నేర్చుకోవాలి కదా.

తీరానికి ఈ కాపలా అంతా ఎందుకని అనుకునేవాళ్లకు మన పక్క ఊరి సంగతే చెబుతాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖ మీదా, మన కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఇక్కణ్ణుంచి కాకినాడ ఎంత దూరమని! ముందుగా కనిపెట్టి హెచ్చరించే ఏర్పాటు సరిగా లేని రోజులవి. తూర్పు తీరంలో రాడార్ ముందు కూర్చున్నప్పుడల్లా నాకా తేదీ మనసులో మెదిలేది.

ఇక పని సంగతి. టవర్లో వాళ్లు ఎప్పుడూ మైకులో ఆదేశాలిస్తూ ఉంటారని సినిమాలు చూసి అనుకుంటారు. దుండిగల్ వైమానిక దళ అకాడమీలో శిక్షణకు వెళ్లేదాకా నేనూ అలాగే అనుకున్నాను. అసలు పని వినడం. నేను పైలట్‌కి ఎత్తో దిక్కో రన్‌వే నంబరో చెబితే, అతను దాన్ని తిరిగి నాకు అప్పజెప్పాలి. దీన్ని రీడ్‌బ్యాక్ అంటాం. అతను అప్పజెప్పేటప్పుడు నా పని అయిపోయినట్టు కాదు, అక్కడే మొదలవుతుంది. మనసు చాలా మోసకారిది. మనం చెప్పిందే అవతలివాళ్లు చెప్పారని వినిపించేస్తుంది. నేను ఆరు వేల అడుగులన్నాను, అతను ఐదు వేలన్నాడు, నా చెవికి ఆరు వేలే తగిలింది. ఇలాంటివి జరగకూడదనే అంకెలు విడివిడిగా పలుకుతాం. తొమ్మిదిని నైన్ అనకుండా నైనర్ అంటాం, ఐదు అన్న ఫైవ్‌తో కలిసిపోతుందని. మూడుని ట్రీ అంటాం. వినేవాళ్లకు వింతగా ఉంటుంది. గరగరలాడే రేడియోలో, వాన హోరులో, ఆ పలుకే నిలబడుతుంది.

వినడం తప్పితే ఏమవుతుందో మన దేశం చూసింది. 1996 నవంబర్ 12 సాయంత్రం. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ జంబోకి 14 వేల అడుగుల దాకా అనుమతి. ఢిల్లీకి దిగుతున్న కజకిస్తాన్ విమానానికి 15 వేల అడుగుల దాకా. ఎదురుగా విమానం వస్తోందని కంట్రోలర్ చెప్పాడు కూడా. కజక్ విమానంలో రేడియో మాట్లాడేది ఒకరు, విమానం నడిపేది ఇంకొకరు. విన్న మాట నడిపే చేతిదాకా చేరలేదు. విమానం 15 వేల కిందికి దిగిపోయింది. హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద 349 మంది పోయారు, రెండు విమానాల్లో ఒక్కరూ మిగల్లేదు. తప్పు కజక్ సిబ్బందిదని విచారణ తేల్చింది. కానీ నాకు అందులో ఇంకో మాట ముఖ్యం. అప్పట్లో ఢిల్లీ చుట్టూ ఆకాశంలో ఎక్కువ భాగం వైమానిక దళానిది. పౌర విమానాలు వచ్చేందుకూ పోయేందుకూ ఒకటే దారి. విమానం ఎంత ఎత్తులో ఉందో చూపించే రాడార్ కూడా కంట్రోలర్ ముందు లేదు. సైన్యం, పౌరులు ఆకాశాన్ని సరిగా పంచుకోకపోతే భారం మొత్తం ఒక్క మాట మీద పడుతుంది. ఆ మాట తప్పింది. విశాఖలో రెండు రకాల విమానాలకూ ఒకే టవర్ ఉండటం మంచిదని నేను గట్టిగా నమ్మడానికి ఇదే కారణం. ఆకాశంలో ఎవరెవరున్నారో ఒక్క గదికి తెలిసి ఉండాలి.

మొత్తం ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైన పని ఇంకొకటుంది. సైనిక విమానాశ్రయాల్లో ప్రెసిషన్ అప్రోచ్ రాడార్ అని ఉంటుంది. మబ్బు కిందికి దిగి, రన్‌వే కనిపించనప్పుడు పైలట్‌ని మాటతోనే దాదాపు నేల దాకా దించేస్తాం. ఆ రాడార్ విమానాన్ని రెండు రకాలుగా చూస్తుంది. ఎడమా కుడా అన్నది ఒక గీత మీద, ఎత్తా పల్లమా అన్నది ఇంకో గీత మీద. తెర మీద ఒక చుక్క ఆ గీతల వెంబడి జారాలి. విమానం ఆఖరి దారిలోకి రాగానే పైలట్‌తో ముందు ఒకటి చెప్పేస్తాం, ఇకమీదట నాకు జవాబివ్వొద్దని. అక్కణ్ణుంచి ఇటువైపు గొంతు ఆగకూడదు. ఐదు సెకన్లకు మించి మౌనం ఉండకూడదని నియమం. ఐదు సెకన్లు వినపడకపోతే రేడియో పోయిందేమోనని పైలట్ అనుకోవాలి. గీత మీదే ఉన్నావు. కొంచెం ఎడమకి పోతున్నావు, రెండు డిగ్రీలు కుడికి. ఇప్పుడు బాగుంది. కొద్దిగా పైన ఉన్నావు, దిగే వేగం పెంచు. మూడు మైళ్ల దగ్గర ఎత్తు వెయ్యి అడుగుల లోపు. చక్రాలు దిగాయా చూసుకో. ఇదంతా ఇంగ్లీషులో, తొణక్కుండా, ఒకే స్థాయిలో. నా గొంతులో కాస్త కంగారు పలికినా అది కాక్‌పిట్‌లోకి పోతుంది. చంటిపిల్లని నిద్రపుచ్చే తల్లి గొంతు గుర్తుచేసుకోమని మాకు నేర్పినాయన అనేవారు. నేనైతే ఏమీ గుర్తుచేసుకునేదాన్ని కాదు, చుక్కనే చూసేదాన్ని. కింద చక్రాలు తగిలాక ఆ పైలట్ ఒక్క ముక్క, థాంక్యూ, అని పక్క ఫ్రీక్వెన్సీకి వెళ్లిపోతాడు. మనిషి మొహం కూడా చూసి ఉండం.

యంత్రాలు ఇంతున్నా కంటికి పని పోలేదు. చాలా సైనిక విమానాశ్రయాల్లో రన్‌వే కొసన చిన్న గదిలో ఒక మనిషి దుర్భిణీ పట్టుకుని కూర్చుంటాడు. వచ్చే ప్రతి విమానం కిందా చక్రాలు దిగాయా లేదా చూడటం అతని పని. దిగకపోతే ఎర్రటి మంట పేల్చాలి. అది చూసి పైలట్ మళ్లీ పైకి లేస్తాడు. రేడియో పూర్తిగా పోయిన విమానానికి టవర్ నుంచి దీపం చూపిస్తాం. నిలకడగా పచ్చ వెలిగితే దిగు, నిలకడగా ఎరుపైతే తిరుగుతూ ఉండు.

భయం వేయలేదా అని అడిగినవాళ్లకు. వేసేది, విమానం పలకనప్పుడు. అనుకున్న సమయానికి అరగంట దాటినా కబురు లేకపోతే మా పుస్తకంలో దానికి మూడు మెట్లున్నాయి. మొదటిది అనుమానం, రెండోది హెచ్చరిక, మూడోది ఆపద. ఒక్కో మెట్టుకీ ఎవరికి ఫోన్ చేయాలో, ఏ ఓడని, ఏ విమానాన్ని వెతకడానికి పంపాలో రాసి ఉంటుంది. 2016 జూలై 22 పొద్దున చెన్నై దగ్గర తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి లేచిన వైమానిక దళం ఏఎన్-32 విమానం, 29 మందితో, బంగాళాఖాతం మీద రాడార్ నుంచి మాయమైంది. వాళ్లలో ఎనిమిది మంది విశాఖలోని నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. తీరానికి బాగా దూరం పోయాక సముద్రం మీద రాడార్ చూపు అందదు. ఎక్కడున్నామో విమానమే చెప్పాలి. ఓడలు, విమానాలు, జలాంతర్గామి, అన్నీ వెతికాయి. దొరకలేదు. 2024 జనవరిలో చెన్నై తీరానికి దాదాపు 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలు కనపడ్డాయి. ఏడున్నరేళ్లు! విశాఖలో ఆ ఎనిమిది ఇళ్లలో ఆ ఏళ్లు ఎలా గడిచాయో నేను రాయలేను. అంత్యక్రియలు చేయాలా వద్దా అన్నది కూడా తేలని బాధ అది.

విశాఖ దగ్గర భోగాపురంలో కొత్త విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. ప్రయాణికుల విమానాలు అటు మళ్లితే నౌకాదళానికి శిక్షణ సులువవుతుంది, మీకూ ఆ చుట్లు తిరగడం తప్పుతుంది. కానీ రెండు విమానాశ్రయాలూ దగ్గరదగ్గరగా ఒకే ఆకాశం కింద ఉంటాయి. రెండు టవర్లూ ఒకదాని మాట ఒకటి నిమిష నిమిషానికీ వినాల్సిందే. ఆ ఏర్పాటు ఎంత గట్టిగా చేస్తారన్నది నేను కళ్లు పెట్టుకుని చూస్తున్న విషయం.

చివరగా, రామచంద్రపురం నుంచి ఇంజినీరింగ్ ఆఖరి ఏడాది చదువుతున్న అమ్మాయి రాసిన ఉత్తరానికి జవాబు. తల్లీ, నౌకాదళం షార్ట్ సర్వీస్ కమిషన్‌లో ఈ శాఖ ఆడపిల్లలకూ ఉంది. బీటెక్ ఏ బ్రాంచి అయినా సరే, 60 శాతం మార్కులుండాలి. ఇంగ్లీషులోనూ పదో తరగతిలోనో ఇంటర్‌లోనో 60 శాతం అడుగుతారు. వయసు సుమారు పాతికేళ్ల లోపు ఉండాలి. ప్రకటన వచ్చినప్పుడు కచ్చితమైన తేదీలు అందులోనే చూసుకో. అధికారులను ఎంచుకునే ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ కొన్ని రోజులు నడుస్తుంది. గుంపులో నువ్వెంత మాట్లాడావన్నదొక్కటే చూడరు, పక్కవాళ్లు చెప్పింది విన్నావా అని కూడా చూస్తారు. నేను జిల్లా పరిషత్ బడిలో తెలుగు మీడియంలోనే చదివాను, ఇంగ్లీషు గురించి బెంగపడకు. రోజూ రేడియోలో ఇంగ్లీషు వార్తలు పెట్టుకుని, విన్న వాక్యాన్ని విన్నట్టే పైకి అప్పజెప్పు. అంకెలున్న వాక్యాలైతే మరీ మంచిది. పరీక్షలయ్యాక ఒక ఆదివారం మా ఇంటికి రా, నా పాత నోటు పుస్తకాలు ఇస్తాను.

మీ ఉత్తరాల కోసం ఎదురుచూస్తూ,
మీ ద్రాక్షారామం మనిషి