ఉప్పుకల్లులోని జమాఖర్చు

ప్రతిదినమును మన చేతులమీదుగాఁ గూరలలోఁ బడుచున్న యుప్పుకల్లు రెండు భయంకర పదార్థముల కలయికవలనఁ బుట్టినది. అందొకటి సోడియము, నీటఁ బడినంతనే బుసకొట్టుచుఁ బరుగులిడి, యొక్కొక్కప్పుడు మండునట్టి మెత్తని లోహము. 1807వ సంవత్సరమున హంఫ్రీ డేవీ యను నాంగ్ల శాస్త్రజ్ఞుఁడు విద్యుత్తు సాయమున దీనిని వేఱుపఱిచెను. రెండవది క్లోరిను, 1915వ సంవత్సరమున బెల్జియములోని ఈప్రె పట్టణమునొద్ద సైనికుల యూపిరిని హరించిన విషవాయువు. ఇట్టి రెండును గలిసి మనకు రుచి యెట్లైనవి?

సాధారణముగాఁ జెప్పెడి సమాధాన మిది. సోడియము పరమాణువునందు 11 ఎలక్ట్రానులు గలవు. వానిలో 10 లోపలి వరుసలలో నుండఁగా, ఒక్కటి వెలివరుసలో నొంటిగా నున్నది. క్లోరినునకు 17, వెలివరుసలో 7, అనఁగా ఎనిమిదికి ఒకటి తక్కువ. కావున సోడియము దానము చేయును, క్లోరిను గ్రహించును. ఈ కథను జెప్పి, స్త్రీయు నిట్లే సర్వము నిచ్చివేసి సంసారమును నిలుపవలెనని యుపదేశించువారిని మేము వినియున్నాము. త్యాగము గొప్పదే, కాని ప్రకృతి సాక్ష్యము వారు చెప్పినట్లు లేదు.

లెక్క చూతము. వాయురూపమున నున్న 23 గ్రాముల సోడియమునందలి పరమాణువులనుండి యొక్కొక్క ఎలక్ట్రానును లాగుటకు సుమారు 496 కిలోజౌళ్ల శక్తి వెచ్చింపవలెను. వానిని గ్రహించిన క్లోరిను పరమాణువులు తిరిగి యిచ్చునది 349 మాత్రమే. ఇచ్చిపుచ్చుకొనుటతోనే ముగిసినచో 147 నష్టము! ఏ యిల్లాలు ఇట్టి బేరమున కొప్పుకొనును?

లాభము వేఱొకచోట నున్నది. ఎలక్ట్రాను పోయిన సోడియము ధనావేశమును, పొందిన క్లోరిను ఋణావేశమును దాల్చి పరస్పర మాకర్షించుకొనును. ప్రతి సోడియము చుట్టును ఆఱు క్లోరినులు, ప్రతి క్లోరిను చుట్టును ఆఱు సోడియములు చేరును. అట్లు పేరుకొనునప్పుడు సుమారు 787 కిలోజౌళ్లు వెలువడును. తొలుత లోహమును, వాయువును పరమాణువులుగా విడఁదీసిన ఖర్చులు పోయినను మిగులే. ఇట్లు శక్తి తగ్గి స్థిరత్వము గలుగుటయే బంధమునకు మూలకారణము.

ఇచ్చివేయుట యొక్కటే మార్గము కాదు. రెండు పరమాణువులు ఒక జంట ఎలక్ట్రానులను ఉమ్మడిగా ననుభవించుటయు బంధమేయని 1916లో గిల్బర్టు లూయిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుఁడు తెలిపెను. మనము త్రాగు నీటిలో ఉదజనియు, ఆమ్లజనియు నిట్లే కలిసియున్నవి. ఇఁక హీలియమునకు బంధమువలన లాభము లేదు. కావున నది యొంటిగానే యుండును. దాని నెవరును నిందింపరు.

పరమాణువులకు మనస్సు లేదు. వానినుండి నీతి దీయుట మాకంతగా సమ్మతము గాదు. తీయక తప్పదన్నచోఁ బూర్తి లెక్క చూచి తీయుఁడని మా మనవి. 801 సెంటిగ్రేడు డిగ్రీల వేఁడి తగిలినఁగాని కరఁగని యుప్పుకల్లు ఒక్కరి త్యాగముచే నిలిచినది కాదు. చుట్టునున్న వారందఱును ఒకరినొకరు పట్టుకొనియుండుటచే నిలిచినది.